ప్రత్యేకవిద్యలో డాక్టరు పట్టము: పట్టమెవరికి? ఫలమెవరికి?

మన సంఘమున డాక్టరు పట్టమునకు గల గౌరవము చిన్నది కాదు. పట్టము వచ్చిన దినమున శాలువ కప్పుదురు, పూలదండ వేయుదురు, మఱునాటి పత్రికలో ఛాయాచిత్రము పడును, నాటినుండి పేరునకు ముందొక మాట చేరి బ్రతికినంతకాలము విడువకుండును. ఇందు మేమాక్షేపింపదగినది లేదు. చదువును గౌరవించు సంఘము చెడిపోదు. అయినను ప్రతి విద్యను గుఱించియు రెండు ప్రశ్నలడుగవచ్చును. అది నేర్చినవారికేమి చేసినది? అది యెవరికొఱకు పుట్టినదో వారికేమి చేసినది? ఖగోళశాస్త్రమున పట్టము పొందినవానిని నక్షత్రములు వచ్చి రెండవ ప్రశ్న యడుగవు. వ్యాకరణమున పట్టము పొందినవానిని ధాతువులు నిలదీయవు. ప్రత్యేకవిద్య అట్టిది కాదు. చూపు లేని పిల్లలు, వినికిడి లేని పిల్లలు, బుద్ధివికాసము మందగించిన పిల్లలు, మాటయు మెలగుటయు తోడివారివలె అలవడని పిల్లలు, ఎంత చదివినను అక్షరము నిలువని పిల్లలు, వీరికొఱకు పుట్టిన శాస్త్రమది. వీరడుగుదురు. వీరడుగలేనిచో వీరి తల్లులడుగుదురు.

మేమెఱిగిన యొక తల్లి కలదు. ఆమె కుమారునికి పదేండ్లు. బుద్ధివికాసమున వెనుకబడినవాడు. ప్రతిదినమును పల్లెనుండి బస్సులో వానిని పట్టణపు ప్రత్యేకపాఠశాలకు తీసికొనివచ్చి, సాయంకాలమువరకు చెట్టు క్రింద కూర్చుండి, మరల వెంటబెట్టుకొని పోవును. నాలుగేండ్లలో ముగ్గురు పరిశోధకులు వచ్చి ఆమెను ప్రశ్నించిరి. మొదటివారు ఆమె మానసికమైన యొత్తిడిని కొలిచిరి. రెండవవారు ఆమె వైఖరిని కొలిచిరి. మూడవవారు ఆమె అవగాహనను కొలిచిరి. మువ్వురును ప్రశ్నకు అయిదేసి గడులు గల కాగితములు చూపి, ఒక్కొక్క గడిలో గుర్తు పెట్టించుకొని పోయిరి. మూడవయామె కాగితములు సర్దుకొనుచుండగా ఆ తల్లి మెల్లగా, "అమ్మా, ఇదంతా రాసుకున్నారు గదా, మావాడికి చొక్కా బొత్తాలు పెట్టుకోవడం ఎలా నేర్పాలో కాస్త చెప్పి పోతారాండీ?" అని యడిగినది. పరిశోధకురాలు మంచి మనస్సు గలది, సిగ్గుపడినది. "అది నా పరిశోధనలో లేదమ్మా" అనినది. ఆమె అబద్ధమాడలేదు. ఆ మాట నిజమగుటయే మన దురవస్థ. మేమిచట వ్రాయబోవునదంతయు ఆ యొక్క మాటకు వ్యాఖ్యానమని పాఠకులు గ్రహింతురుగాక.

దీనిని చూచి పరిశోధనయే వలదని మేమనుచున్నట్లు ఎవరును భ్రమపడరాదు. పరిశోధన లేనిచో ఈ పిల్లలకు మిగులునది జాలి యొక్కటే. జాలి అన్నము పెట్టును గాని అక్షరము నేర్పదు. 2011 నాటి జనాభాలెక్కలలో వైకల్యముగలవారుగా లెక్కకెక్కినవారు దేశమున 2 కోట్ల 68 లక్షలమంది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 22 లక్షలకు పైబడినవారు. 1995 నాటి చట్టము 7 విధములైన వైకల్యములనే గుర్తింపగా, 2016 నాటి చట్టము 21 విధములను గుర్తించినది. ఆటిజమును, చదువునందు మాత్రము కలుగు ప్రత్యేకమైన యిబ్బందియు అట్లు ఆ పట్టికలో చేరినవి. మొన్నటిదాక 'మొద్దు' అని పేరు పెట్టి గోడకుర్చీ వేయించిన పిల్లవానికి చట్టము నేడు వేఱొక పేరు పెట్టినది. పేరు పెట్టుట సులభము. వానికి చదువు చెప్పుట కష్టము. ఎట్లు చెప్పవలెనో కనుగొనుట మఱింత కష్టము. ఆ కనుగొనుటకే పరిశోధనయని పేరు.

చదువు చెప్పువారి కొఱత ఎంతటిదో వేఱుగా చెప్పనక్కఱలేదు. ఈ పిల్లలకు ప్రాథమికతరగతులలో 10 మందికొకరు చొప్పునను, పైతరగతులలో 15 మందికొకరు చొప్పునను ప్రత్యేకోపాధ్యాయులుండవలెనని 2021లో సుప్రీంకోర్టు విచారణయందు నిర్ణయమైనది. ఉద్యోగములను మంజూరు చేయుడని 2025 మార్చిలో ఆ న్యాయస్థానమే మరల రాష్ట్రములకు ఆజ్ఞాపింపవలసివచ్చినది. ఆ యుపాధ్యాయులను తయారుచేయు కళాశాలలను 1992 నాటి శాసనముచే ఏర్పడిన భారత పునరావాస మండలి గుర్తించుచున్నది. మన సికింద్రాబాదులోనే 1984లో స్థాపింపబడిన జాతీయసంస్థ బుద్ధివికాసమున వెనుకబడినవారికొఱకు పనిచేయుచున్నది. ఇట్టి కళాశాలలలో ఉపాధ్యాయులకు ఉపాధ్యాయులుగా కూర్చుండవలసినవారే ఈ డాక్టరు పట్టము గలవారు. వారొక్కరు సరిగా నేర్చినచో వందలమంది ఉపాధ్యాయులు సరిగా నేర్తురు. వారివలన వేలమంది పిల్లలు బాగుపడుదురు. బావిలో నీరు చెడినచో బిందెలు తోమి లాభములేదు. కావున పట్టము విషయమై మాకింత పట్టుదల.

ఈ శాస్త్రము పట్టములతో పుట్టలేదు. ఒక పిల్లవానితో పుట్టినది. 1800లో ఫ్రాన్సుదేశపు అవేరాన్ ప్రాంతమున అడవినుండి మాటలురాని బాలుడొకడు బయటపడెను. వానిని పారిసునకు తెచ్చి చూపగా, నాటి వైద్యులలో అగ్రగణ్యుడైన పీనెల్ వీడు బాగుపడువాడు కాడని తేల్చెను. ఇటార్ అను యువకవైద్యుడు, వినికిడి లేని పిల్లల విద్యాలయమున ఉద్యోగి, ఆ తీర్పును అంగీకరింపలేదు. అయిదేండ్లకు పైగా వానియొద్ద కూర్చుండెను. వానికి విక్టరు అని పేరు పెట్టెను. వేడిచల్లనలను తెలిసికొనుట, ఆకారములను పోల్చుట, అక్షరపుబిళ్లలను పేర్చుట ఒక్కొక్కటిగా నేర్పెను. పాలు అను మాటకు గల నాలుగక్షరములను ఆ బాలుడు పేర్చగలిగెను గాని కడవఱకు మాటలాడలేకపోయెను. 1801లోను 1806లోను ఇటార్ వ్రాసిన రెండు నివేదికలను చదివినవారికి ఆశ్చర్యమగునది అతని విజయము కాదు, నిజాయితీ. తాను గెలిచినచోట గెలిచితిననియు, ఓడినచోట ఓడితిననియు వ్రాసెను. బాలుని సాకిన గెరెన్ అను నామె శ్రమను మఱువలేదు.

అతని శిష్యుడు సెగెన్. గురువు ఒక్కనితో చేసినపనిని ఇతడు పలువురితో చేసెను. బుద్ధివికాసము కొఱవడిన పిల్లలను కూడదీసి, చేతికి పని చెప్పి, చేతినుండి కంటికి, కంటినుండి మాటకు, మాటనుండి యాలోచనకు నడిపించు మార్గమును కల్పించి, 1846లో గ్రంథముగా ప్రకటించెను. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట రోమునగరమున మేరియా మాంటిసోరీ యను వైద్యురాలు పిచ్చాసుపత్రులలో మూలబడియున్న పిల్లలను చూచి, ఈ యిరువురి గ్రంథములను వెదకి తెచ్చి, తన భాషలోనికి తన చేతితోనే వ్రాసికొనెను. వ్రాసికొని ఊరకుండలేదు, పగలంతయు పిల్లలయొద్ద పనిచేసి, రాత్రి ఆ దినపు ఫలితములను వ్రాసికొనెడిది. ఆమె నేర్పిన పిల్లలలో కొందఱు సామాన్యపాఠశాలల పరీక్షలలో కృతార్థులైరి. అందఱును ఆమెను మెచ్చుకొనుచుండగా ఆమె మాత్రము, వెనుకబడిన పిల్లలే ఇట్లు నెగ్గినప్పుడు ఆరోగ్యముగల పిల్లలు ఇంత తక్కువలో ఏల నిలిచిపోయిరని చింతించెను. ఆ చింతనుండియే 1907లో ఆమె తొలి శిశువిద్యాలయము వెలసినది. 1939లో ఆమె మద్రాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చెను. నేడు మన పట్టణములలో వీథికొకటిగా ఆమె పేరు పెట్టుకొన్న బడుల పునాదిరాయి మాటలురాని అడవిబాలుడని ఎందఱెఱుగుదురు?

ఈ మువ్వురిలో ఎవ్వరికిని ప్రత్యేకవిద్యలో డాక్టరు పట్టము లేదు. నాడట్టి పట్టమే లేదు. ఉన్నవి మూడు గుణములు. పిల్లవానియొద్ద కూర్చుండుట మొదటిది. ఓటమిని దాచకుండుట రెండవది. నేడు తెలిసికొన్నది రేపటి తరగతిలో వాడుట మూడవది. నేటి పట్టమును ఈ మూడు తూకపురాళ్లతో తూచవలెనని మా మతము.

పిల్లలయొద్ద కూర్చుండక, వారిని సంప్రదింపక పండితులు తీర్పు చెప్పినచో ఏమగునో దానికిని చరిత్రయే సాక్ష్యము. 1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలానునగరమున బధిరవిద్యను గుఱించి అంతర్జాతీయసభ జరిగెను. వచ్చిన ప్రతినిధులు 164 మంది, వారిలో బధిరుడొక్కడే. వినికిడి లేని పిల్లలకు చేతిసైగలు కూడదనియు, పెదవులు చూచి నోటితో పలుకుటయే నేర్పవలెననియు సభ తీర్మానించెను. ఐరోపా, అమెరికా ఖండముల పాఠశాలలనుండి సైగలు వెలివేయబడినవి. బధిరులైన ఉపాధ్యాయులు ఉద్యోగములు కోల్పోయిరి. చేతులాడించినందులకు పిల్లలు శిక్షలు పొందిరి. తరములు గడచిపోయినవి. 2010లో వాంకూవరునగరమున అదే సభయొక్క 21వ సమావేశము మిలాను తీర్మానములను త్రోసిపుచ్చి విచారము వెలిబుచ్చినది. నూటముప్పదియేండ్లకు పండితులకు కలిగిన పశ్చాత్తాపము, నడుమ బాల్యము గడపి పోయిన పిల్లలకెట్లు చేరును?

ఆ తప్పును మొట్టమొదట శాస్త్రీయముగా నిరూపించినవాడును పట్టభద్రుడే యగుట గమనింపదగినది. 1955లో విలియం స్టోకో వాషింగ్టనులోని గాలడెట్ కళాశాలకు ఇంగ్లీషు బోధింపవచ్చెను. అతని డాక్టరు పట్టము ఇంగ్లీషు సాహిత్యమునకు సంబంధించినది. బధిరవిద్యతో దానికి పొత్తు లేదు. అయినను తన విద్యార్థులు ఒండొరులతో చేతులతో మాటలాడుకొనుటను అతడు చూచెను. చూచి, ఇవి వట్టి సైగలు కావు, భాషయే యని పోల్చుకొనెను. 1960లో తన వాదమును ప్రకటించినప్పుడు తోడి యుపాధ్యాయులే నవ్విరి. 1965లో ఇరువురు బధిరసహచరులతో కలిసి ఆ భాషకు నిఘంటువు కూర్చెను. పట్టమునకు కన్నులు లేవు. పట్టము గలవానికి కన్నులుండవలెనని దీనివలన తేలుచున్నది. మన దేశముననో, భారతీయ సంకేతభాషకు ప్రత్యేకమైన పరిశోధనకేంద్రము 2015లో ఏర్పడినది. 3,000 మాటలతో ఆ కేంద్రపు తొలి నిఘంటువు 2018లో వెలువడినది. ఇంత ఆలస్యముగా ఆరంభమైన పనికి ఎందఱు పరిశోధకులైనను చాలరు.

ఇక మన సిద్ధాంతగ్రంథముల మాట. విశ్వవిద్యాలయముల సిద్ధాంతగ్రంథములను భద్రపఱచు శోధగంగ యను భాండాగారము కలదు. అందును, గ్రంథాలయముల బీరువాలలోను మేము చదివిన ప్రత్యేకవిద్యాగ్రంథములలో మంచివి లేకపోలేదు. కాని తఱచుగా కానవచ్చు రూపమొకటి కలదు; దానినే విమర్శింతుము. అధ్యాయములు అయిదు. మొదటిది ఉపోద్ఘాతము; అందు ప్రపంచచరిత్రయంతయు ఉండును. రెండవది పూర్వపరిశోధనల సమీక్ష; ఎవరెవరు ఏ యేట ఏమనిరో ఒకరివెంట నొకరుగా వరుస కట్టి నిలుతురు గాని, ఒకరితో నొకరు వాదించుకొనరు; గ్రంథకర్తయు వారిలో ఎవరితోను వాదింపడు. మూడవది పద్ధతి. నాలుగవది పట్టికలు. అయిదవది ఉపసంహారము. విషయము తఱచుగా "ఫలానా జిల్లాలో సమ్మిళితవిద్యయెడ ఉపాధ్యాయుల వైఖరి" అనునది. జిల్లా మాఱును, వైఖరి మాఱదు. స్త్రీలకును పురుషులకును, పల్లెవారికిని పట్టణమువారికిని, పదేండ్ల యనుభవము గలవారికిని లేనివారికిని భేదము కలదా యని లెక్కవేసి, కొన్నిట కలదనియు కొన్నిట లేదనియు తేల్తురు. భేదము లేదని తేలుటకు మూడేండ్లు పట్టినది. చివరకు "ఈ విషయమున ఇంకను పరిశోధన జరుగవలసియున్నది" అని ముగింతురు. ఆ వాక్యము మాత్రము నూటికి నూఱుపాళ్లు సత్యము.

వైఖరిని కొలుచుట తప్పని మేమనము. ఉపాధ్యాయుడు పిల్లవానిని ఎట్లు చూచునో తెలియుట అవసరమే. కాని కాగితముపై "ఈ పిల్లలను అందఱితో కలిపి చదివింపవలెను" అను వాక్యమునకెదురుగా "పూర్తిగా అంగీకరింతును" అని గుర్తు పెట్టిన ఉపాధ్యాయుడే, తరగతిలో ఆ పిల్లవానిని వెనుకబల్లపై కూర్చుండబెట్టి రంగుపెన్సిళ్లు చేతికిచ్చి మఱచిపోవుచుండుట మేము చూచినాము. అతడు అబద్ధమాడెననియు అనలేము. అడుగువారు ఏమి వినగోరుదురో అది చెప్పుట మన మర్యాద. కాగితము ఆ మర్యాదను కొలిచినది; తరగతిని కొలువలేదు. తరగతిలో నెలరోజులు కూర్చుండినచో, వెనుకబల్ల కనబడియుండెడిది.

ఇట్టి గ్రంథములయందు మాకు మిక్కిలి వెలితిగా తోచునది వేఱొకటి. మూడువందల పుటలు త్రిప్పినను పిల్లవాడొక్కడైనను కనబడడు. పేరు దాచుట ధర్మమే. ఏ పిల్లవాని యిబ్బందియు వీథిన పడరాదు. కాని పేరును దాచుట వేఱు, పిల్లవానినే దాచుట వేఱు. ఇటార్ గ్రంథమున విక్టరు పాలగిన్నె పట్టుకొని నిలుచును. వర్షము చూచి ఆనందించును. కోపము వచ్చినప్పుడు కొఱుకును. మన గ్రంథములలో వాడు "నమూనా" యగును; వాని తల్లి "ప్రతిస్పందకురాలు" అగును. బియ్యపుబస్తాలో గొట్టము గ్రుచ్చి తీసిన పిడికెడు గింజలకు నమూనా యని పేరు. పిల్లలకా పేరు తగునా? భాష యిట్లు మాఱిన కొలది మనస్సును మాఱును.

మన పరిశోధకులు చేయక వదలిన పని యెంతయున్నదో చూపుటకు ఒక్క విషయమును విస్తరింతుము. అది తెలుగక్షరము. చదువునందు మాత్రము ఇబ్బంది పడు పిల్లలను గుర్తించుటకు వాడు పరీక్షలకు మూలములు పెక్కు ఇంగ్లీషు పిల్లలకొఱకు ఏర్పడినవి. ఇంగ్లీషున అక్షరములు 26. కష్టమంతయు ఒక యక్షరమునకు పలుధ్వనులుండుటలో నున్నది. తెలుగున వ్రాసినట్లే చదువుదుము. ఆ కష్టము లేదు. వేఱు కష్టము కలదు. వర్ణమాల 56 అక్షరములు, వానికి గుణింతములు, ఆపై ఒత్తులు. పిల్లవాడు గుర్తింపవలసిన రూపములు వందలకు వందలు. పక్కనున్న కన్నడమున జరిగిన పరిశోధనలలో, ఈ రూపములన్నియు పట్టుబడుటకు మొదటి రెండు తరగతులు చాలవనియు, నాలుగయిదు తరగతులదాక ఆ నేర్పు సాగుచుండుననియు కనుగొనిరి. లిపిసాదృశ్యమునుబట్టి తెలుగునను అట్లే యుండవచ్చును. కాని ఊహ వేఱు, పరీక్ష వేఱు.

పిల్లవాడు ఎక్కడ తడబడునో చూడుడు. 'ప', 'వ', 'ష' లకు రూపభేదము స్వల్పము. 'ద', 'ధ', 'థ' లకు మఱింత స్వల్పము. 'మ', 'య' లకు నడుమ ఒక్క మెలిక. తలకట్టు, గుడి, ఏత్వము పైనుండును, ఒత్తు క్రిందనుండును, ఐత్వమునకు సగము పైన, సగము క్రింద. "స్త్రీ" యను మాటను తీసికొనుడు. గుడిదీర్ఘము 'స' పై కూర్చుండును. 'త', 'ర' లు క్రిందికి దిగును. పలుకునప్పుడు మాత్రము ఆ దీర్ఘము అన్నిటికంటె చివర వచ్చును. కన్ను చూచు వరుస వేఱు, నోరు పలుకు వరుస వేఱు. పెద్దలమైన మనకిది తెలియనే తెలియదు, అలవాటు కప్పివేసినది. అక్షరము నిలువని పిల్లవానికిది అడుగడుగున గొయ్యి. ఈ గోతులు ఎన్ని, ఏది లోతైనది, ఏది ముందు పూడ్చవలెను అను విషయము తేల్చుట ఒక్క పరిశోధకుని జీవితమునకు చాలినంత పని.

పరీక్షల తీరును అట్టిదే. ధ్వనులను విడదీసి వినగల శక్తిని కొలుచుటకు ఇంగ్లీషు పరీక్షలు పదముల చివరిభాగము కలియుచున్నదా యని యడుగును. తెలుగుమాటలు సాధారణముగా అచ్చుతో ముగియును. మన ఛందస్సున ప్రాస పాదముయొక్క రెండవ యక్షరమున నుండును. యతి తొలి యక్షరముతో మైత్రి చేయును. మన చెవి పెరిగిన తోట వేఱు. మన పిల్లలు ఆటగా మాటలాడుకొను 'క'భాష యొకటి కలదు. ప్రతి యక్షరమునకు ముందు 'క' చేర్చి పెద్దలకర్థముగాకుండ గడగడ పలుకుదురు. మాటను అక్షరములుగా విడదీయగల శక్తికి ఇంతకుమించిన పరీక్ష ఏది? అది మన పెరటిలోనే యున్నది. దానిని శాస్త్రీయముగా సవరించి, వేలమంది పిల్లలపై పరీక్షించి, ఉపాధ్యాయుల చేతికిచ్చువాడు నిజమైన డాక్టరు. పరదేశపు ప్రశ్నావళిని తెనిగించి, దానికి 'ప్రామాణీకరణ' మను పేరు పెట్టినంతమాత్రమున పని తీఱదు.

మఱియొక చిన్న విషయము, చిన్నదే గాని సిగ్గుచేటైనది. గ్రంథములు కొన్ని పుటలకు ఛాయాచిత్రములు తీసినట్లుగా భాండాగారములలో చేర్పబడియున్నవి. అందలి యక్షరము యంత్రమునకు అక్షరము కాదు, బొమ్మ. చూపు లేనివారు కంప్యూటరుచే చదివించుకొని వినవలెనన్న అది మూగవోవును. యూనికోడు కాని పాత తెలుగు ఫాంటులలో వ్రాసినవాని గతియు అట్టిదే. చూపు లేని పిల్లల విద్యను గుఱించిన గ్రంథము చూపు లేనివారికే అందకున్నచో దానికి ఏ పేరు పెట్టుదము? ఇంటి పెద్దను వీథిలో నిలిపి గృహప్రవేశము చేసినట్లున్నది. వినికిడి లేనివారిని గుఱించి వ్రాసినవారిలో, తన నిర్ణయములను సంకేతభాషలో చెప్పించి వారికి చూపినవారెందఱు?

ఇంతవరకు వ్రాసి పరిశోధకులనే నిందించినచో మేము న్యాయము తప్పినవారమగుదుము. వారి కష్టము మేమెఱుగుదుము. వారిలో పెక్కుమంది మధ్యతరగతివారు, పలువురు స్త్రీలు, ఒప్పందపు ఉద్యోగములలో నుండి పగలు బడిలో పనిచేసి రాత్రి వ్రాయువారు. 2022 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘము నిబంధనల ప్రకారము ఈ పట్టమునకు తక్కువలో తక్కువ మూడేండ్లు, ఎక్కువలో ఎక్కువ ఆఱేండ్లు, పొడిగింపునకు వీలున్నది, స్త్రీలకును, 40 పాళ్లకు మించిన వైకల్యము గలవారికిని మఱి రెండేండ్లు. జాతీయపరీక్షలో నెగ్గినవారికి 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయల వేతనము నిర్ణయమైనది; నెగ్గనివారికి చేతిసొమ్మే ఆధారము. పాఠశాలకు పోవలెనన్న అనుమతి, అనుమతికి ఉత్తరము, ఉత్తరమునకు సంతకము. సంతకమునకు నెలలు పట్టును. మార్గదర్శి త్వరగా ముగింపుమనును. ఇంటివారు ఎన్నడు ముగియునందురు. ఇట్టి దశలో కాగితములు పంచి లెక్కలు కట్టుటకంటె వేఱుమార్గము కనబడకున్న ఆశ్చర్యమేమి? దోషము నడచువానిది కాదు, త్రోవ వేసినవారిది.

ఇచట పండితులు మూడాక్షేపములు చెప్పవచ్చును. ఒక్క పిల్లవానియొద్ద కూర్చుండుట శాస్త్రము కాదందురు. అది సరికాదు. ఒక్కొక్క పిల్లవానిపై దినదినమును కొలతలు తీసి, ఉపాయమును ప్రయోగించి, ఆపి, మరల ప్రయోగించి ఫలితమును నిర్ధారించు పద్ధతి ఈ శాస్త్రమున లెస్సగా స్థిరపడినదే; ప్రశ్నావళికంటె దానికి శ్రమ యెక్కువ, అంతే. పండితలోకమున ఇంగ్లీషు తప్పదందురు. వ్రాయుడు, మేము వలదనుట లేదు. కాని ఇంగ్లీషున వ్రాసినది లోకమునకు. తెలుగున వ్రాయవలసినది ఋణము తీర్చుటకు. ఏ తల్లి సమాధానములతో పట్టము వచ్చినదో ఆ తల్లికి చదువగల భాషలో ఇరువది పుటలు వ్రాయుట భిక్ష కాదు, బాకీ. అందఱును ఇటారులు కాజాలరందురు. నిజమే. అందఱును కానక్కఱలేదు. పదిమంది పదిమెట్లు కట్టినను మేడయెక్కుటకు చాలును. పదిమందియు మొదటిమెట్టునే పదిసార్లు కట్టుచుండుటయే మా బాధ.

కావున మాకు తోచిన మార్గములను విన్నవించుకొందుము. పరిశోధనవిషయమును నిర్ణయించుటకు ముందు ఆ వైకల్యముగలవారినో, వారి తల్లిదండ్రులనో కూర్చుండబెట్టి, "మీకేది తెలియవలెను?" అని యడుగవలెను, మిలానులో జరుగనిది మన విద్యాలయములలోనైనను జరుగవలెను. పరిశోధకుడు ఒక సంవత్సరమైనను పిల్లలకు స్వయముగా బోధించి, నెగ్గినదియు నెగ్గనిదియు వ్రాసిన దినచర్యను గ్రంథమునకు జతచేయవలెను. గ్రంథమును చూపు లేనివారు వినగలరీతిని ముద్రింపవలెను. దాని సారము తెలుగున చిన్నపుస్తకముగా ప్రత్యేకపాఠశాలలకు చేరవలెను. మౌఖికపరీక్ష ముగిసిన వారమునకు, పరిశోధన జరిగిన పాఠశాలలోనే రెండవ సభ జరుగవలెను. అచట ప్రశ్నలు వేయువారు ఆచార్యులు కారు, తల్లులు. ఆ సభలో నెగ్గినవానికి శాలువ కప్పినచో మేమును చప్పట్లు కొట్టుదుము. వీనిలో ఏదియు కోట్ల వ్యయముతో కూడినది కాదు. కావలసినది మనస్సు.

ఆ తల్లి యడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పక ఈ వ్యాసమును ముగించుట న్యాయము కాదు. పెద్ద బొత్తములు, వదులైన కాజాలు గల చొక్కాను ఎన్నుకొనవలెను. తల్లియే బొత్తమును కాజాలో ముప్పాతిక దూర్చి, చివర లాగుట మాత్రము పిల్లవానికి విడువవలెను. అది చేయగానే మెచ్చుకొనవలెను. పని పూర్తియైన సంతోషము ప్రతిసారియు వానికే దక్కును. అది అలవడిన పిమ్మట సగము దూర్చి విడువవలెను. ఆపైన కొన మాత్రము దూర్చి విడువవలెను. ఇట్లు చివరినుండి మొదటికి ఒక్కొక్క మెట్టు దిగివచ్చినచో, ఒకనాటికి బొత్తము మొత్తముగా వాని చేతిలోనికి వచ్చును. ఇది మేము కనుగొన్నది కాదు. ప్రత్యేకవిద్య నేర్చినవారందఱెఱిగిన పాతపద్ధతి. ఆ మువ్వురు పరిశోధకులకును పాఠ్యపుస్తకములలో చదివినదే. ఈ నాలుగు వాక్యములు చెట్టు క్రింద కూర్చున్న ఆ తల్లికి చేరుటకు, మూడు పట్టములు ఆమె యెదుటినుండి నడచిపోయినను వీలుకాలేదు. నాలుగవ పరిశోధకురాలు త్వరలో రావచ్చును. ఆమె కాగితములు విప్పుటకు ముందు ఈ నాలుగు వాక్యములు చెప్పి, పిమ్మట ప్రశ్నింపవలెనని మా ప్రార్థన.